ట్రయల్‌లో చేరమని డాక్టరుగారు అడిగితే

కొత్త మందు పనిచేస్తుందా లేదా అని పేషంట్లకు ఇచ్చి కొలిచి చూసే ట్రయల్‌లో చేరమంటే, ముందు ఒక్క పని చేయండి. కాగితాల మీద అప్పటికప్పుడు సంతకం పెట్టకండి. "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని వస్తానండీ" అని చెప్పి ఆ కట్ట సంచిలో పెట్టుకుని వచ్చేయండి. అలా అడగడం మీ హక్కు. డాక్టరుగారిని అనుమానించినట్టు కాదు, ఆయన కూడా అలా అనుకోకూడదు. ప్రాణం మీదికి వచ్చి ఎమర్జెన్సీ వార్డులో ఉన్నప్పుడు తప్ప, రెండు రోజులు ఆగలేని ట్రయల్ నేను చూడలేదు.

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, తర్వాత రిటైరయ్యే దాకా ట్రయల్స్ చూసే కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పేషంట్లు "ట్రయల్ సిస్టర్" అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు కావలిలో ఉంటున్నాను. కందుకూరు నుంచీ ఉదయగిరి నుంచీ, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉంటారు. "అమ్మా, మా నాయన్ని ఏదో ట్రయల్‌లో పెడతామంటున్నారు, ఒప్పుకోమంటావా, వద్దంటావా?" నేను చేరమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఒకటే అడుగుతాను: ఏ మందు ఇస్తారో, ఎందుకు ఇస్తారో, ఎన్నాళ్ళు తిరగాలో, ఏమన్నా అయితే ఎవరు చూస్తారో మీ నాయన తన నోటితో మీ అమ్మకు చెప్పగలడా? చెప్పగలిగితే ఆయన ఏ నిర్ణయం తీసుకున్నా నాకు సంతోషమే. చెప్పలేకపోతే సంతకానికి ఇంకా వేళ కాలేదు. ఆ నాలుగు మాటలు మీరు చెప్పగలిగేలా చేయాలనే ఇదంతా రాస్తున్నాను.

ట్రయల్ దేనికి పెడతారు

2021 మే నెల మన జిల్లాలో ఎవరూ మరిచిపోరు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్యగారి నాటు మందు కోసం వేల మంది వచ్చి నిలబడ్డారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన చేయించి, నెలాఖరుకు కంటి చుక్కలకు కాకుండా కొన్ని రకాలకు అనుమతి ఇచ్చింది. ఆ మందు తీసుకున్నాక తగ్గిందని చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకు తగ్గింది. అయితే కరోనా వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి ప్రత్యేకమైన మందేదీ లేకుండానే తగ్గింది. మరి ఈ మనిషికి మందు వల్ల తగ్గిందా, దానంతటదే తగ్గిందా? ఎంతమంది సాక్ష్యం చెప్పినా ఈ ప్రశ్న తేలదు. ఒకే రకం జబ్బున్నవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు ఇప్పుడున్న వైద్యం ఇచ్చి, అందరినీ ఒకే తీరున చూసుకుంటూ లెక్క రాస్తేనే తేలుతుంది. పసరు మందైనా, ఇంగ్లీషు మందైనా, లక్షల రూపాయల ఇంజెక్షనైనా కొలత ఇదే. ఆ కొలిచే పనినే క్లినికల్ ట్రయల్ అంటారు.

ఎవరు ఏ జట్టులోకి పోతారన్నది డాక్టరు చేతిలో ఉండదు, మీ చేతిలోనూ ఉండదు. కంప్యూటరు లాటరీ తీసినట్టు తీస్తుంది. అల్లూరు వైపు రొయ్యల రైతులకు ఇది చెప్పడం నాకు తేలికగా ఉండేది. కొత్త మేత మంచి గుంటలో వేసి, పాత మేత పాడు గుంటలో వేసి, రొయ్య బాగా ఎదిగిందని కొత్త మేతను మెచ్చుకుంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడా? డాక్టరే ఎంచితే, తనకు తెలియకుండానే కాస్త ఓపికున్న పేషంట్లను కొత్త మందు వైపు పంపుతాడేమో. అందుకని లాటరీ. చాలా ట్రయల్స్‌లో ఎవరికి ఏది అందుతోందో పేషంటుకూ డాక్టరుకూ ఇద్దరికీ తెలియనివ్వరు. కొన్నిట్లో రెండో జట్టుకు మందు లేని ఉత్తి మాత్ర ఇస్తారు, చూడ్డానికి అసలు మాత్రలాగే ఉంటుంది. ఇది విని భయపడేవాళ్ళు ఎక్కువ. మీ జబ్బుకు ఇప్పటికే పనిచేసే వైద్యం ఉంటే, అది మాన్పించి ఉత్తి మాత్రతో వదిలేయడం సాధారణంగా కుదరదు. ఉన్న వైద్యం ఇస్తూనే దానికి తోడుగా కొత్త మందో, ఉత్తి మాత్రో ఇస్తారు. మీ ట్రయల్ ఎట్టా ఉందో అడిగి తెలుసుకోండి.

ట్రయల్స్ వల్ల మనకు ఒరిగిందేమిటని అడిగేవాళ్ళకు నేను మద్రాసు క్షయ కేంద్రం సంగతి చెబుతాను. ఒకప్పుడు టీబీ వస్తే ఇంటికి దూరంగా శానిటోరియంలో నెలల తరబడి పడుకోబెట్టేవాళ్ళు. మంచం దొరకని పేదవాళ్ళు చచ్చిపోయేవాళ్ళు. 1956లో మద్రాసులో క్షయ పరిశోధన కేంద్రం పెట్టి, పేషంట్లలో కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి, అందరికీ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చి చూశారు. మొత్తం 193 మంది. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో మందు మింగినవాళ్ళకూ ఇంచుమించు అంతే బాగా తగ్గింది, ఇంట్లోవాళ్ళకు అంటుకోవడమూ పెరగలేదు. ఈ రోజు మన ఊళ్ళలో టీబీ మనిషి భార్యాబిడ్డల మధ్యే ఉండి మాత్రలు వేసుకుంటున్నాడంటే ఆ 193 మంది ఒప్పుకున్నందువల్లే. వాళ్ళ పేర్లు మనకు తెలియవు, కానీ వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుంది

నా అనుభవంలో పేషంట్లు సంతకం పెట్టేటప్పుడు మనసులో అనుకునే మాట ఒకటుంది: "డాక్టరుగారు నాకోసం మంచి మందు తెప్పించారు." పొదిలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా ముందే పక్క మంచం మనిషితో ఈ మాట అన్నాడు. కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. "తాతా, ఇది మీకు పనిచేస్తుందని తెలిసి ఇస్తున్న మందు కాదు. పనిచేస్తుందా లేదా అని తెలుసుకోడానికి ఇస్తున్నది. మీకు మేలు జరగొచ్చు, జరక్కపోవచ్చు, మీ జట్టుకు ఆ మందే రాకపోవచ్చు." ఆయన కాసేపు గమ్మున ఉండి, "అట్టయితే నా మనవడి కాలానికైనా తెలుస్తుంది కదమ్మా" అని, మర్నాడు కొడుకుతో వచ్చి సంతకం పెట్టాడు. నాకు కావలసిన సంతకం అట్టాంటిది. అదే రోజు అదే మాట విని "వద్దులేమ్మా" అని వెళ్ళిపోయిన ఆవిడ నిర్ణయం కూడా అంత మంచిదే.

మామూలు వైద్యంలో డాక్టరు మీ ఒక్కరి మంచే చూస్తాడు. ట్రయల్‌లో మీ మంచితో పాటు ఒక ప్రశ్నకు జవాబు కూడా వెతుకుతాడు. అందువల్ల మందు మోతాదు, రక్త పరీక్షలు, తిరగాల్సిన తేదీలు ముందే రాసిపెట్టిన పద్ధతి ప్రకారం నడుస్తాయి. ఈ తేడా తెలిసి చేరినవాళ్ళు తర్వాత బాధపడటం నేను పెద్దగా చూడలేదు.

మందు ఏ దశలో ఉందో కూడా అడగండి. మొదటి దశలో కొద్దిమందికే ఇచ్చి ఎంత మోతాదు తట్టుకోగలరో చూస్తారు. రెండో దశలో జబ్బున్నవాళ్ళకు పనిచేసే సూచనలున్నాయా అని, మూడో దశలో వందల మందిలో, వేల మందిలో, ఇప్పుడున్న వైద్యంతో పోల్చి చూస్తారు. నాలుగోది మార్కెట్లోకి వచ్చాక. మన ఊళ్ళ ఆసుపత్రుల్లో పేషంట్లను అడిగేది ఎక్కువగా మూడు, నాలుగు దశలకే. మొదటి దశ అన్నారంటే ఇంకొంచెం నిదానించండి.

ఇది నిజమైన ట్రయలేనా అని చూసుకోవడం

మన దేశంలో ట్రయల్ మొదలుపెట్టే ముందు సీటీఆర్ఐ (CTRI) అనే రిజిస్ట్రీలో, అంటే ట్రయల్స్ వివరాలు రాసి ఉంచే పట్టికలో, నమోదు చేయాలి. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి తప్పనిసరి చేశారు. కాగితాల మీద సీటీఆర్ఐ అనే అక్షరాలతో మొదలై, సంవత్సరం, ఆ తర్వాత వరుస అంకెలు ఉండే నంబరు ఒకటి వెతకండి. కనపడకపోతే అడగండి. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఇంట్లో చదువుకుంటున్న పిలకాయల చేత తీయించండి. మందు పేరు, డబ్బు పెట్టేదెవరు, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా, అన్నీ అందులో ఉంటాయి. మీ ఆసుపత్రి పేరు ఆ జాబితాలో ఉందో లేదో ముఖ్యంగా చూడండి.

ఎథిక్స్ కమిటీ అంటే ట్రయల్ జరగొచ్చా లేదా అని తేల్చే పెద్దమనుషుల సభ అనుకోండి. కనీసం ఏడుగురుండాలి. సగం మందికైనా ఆ ఆసుపత్రితో సంబంధం ఉండకూడదు. అధ్యక్షుడు బయటివాడే. ఒక మహిళ, చట్టం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు ఉండి తీరాలి. మీ కాగితాల్లో ఈ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది. అది అలంకారానికి కాదు. డాక్టరుతో చెప్పుకోలేని సంగతి ఏదైనా వాళ్ళకు చెప్పొచ్చు.

కాగితాలు ఎట్టా చదవాలి

కన్సెంట్ ఫారం, అంటే మీరు ఒప్పుకుని సంతకం పెట్టే పత్రం, తెలుగులో ఇవ్వాలి. పది పదిహేను పేజీలుంటుంది, తెలుగు కాస్త గట్టిగానే ఉంటుంది. ఒక్కసారికే అంతా చదవాలని కూర్చోకండి. పెన్ను పట్టుకుని, అర్థం కాని చోటల్లా గీత గీయండి. మర్నాడు ఆ గీతలే మీ ప్రశ్నలు. కోఆర్డినేటర్ దగ్గర కూర్చుని ఒక్కో గీతా తీర్చుకోండి. విసుక్కుంటే డాక్టరుగారినే అడుగుతానని చెప్పండి.

నేనైతే ముందు డబ్బు సంగతి చూస్తాను, ఎందుకంటే మనవాళ్ళు సిగ్గుపడి అడగరు. ట్రయల్ మందుకూ, ట్రయల్ కోసం చేసే పరీక్షలకూ మీ దగ్గర తీసుకోకూడదు. కానీ మీ జబ్బుకు మామూలుగా అయ్యే ఖర్చు, అంటే మంచం, ఆపరేషన్, మిగతా మందులు, ఎవరు పెడతారు? ఏది ట్రయల్ లెక్కలోకి వస్తుంది, ఏది ఎన్టీఆర్ వైద్య సేవలోకి, అదే మన పాత ఆరోగ్యశ్రీలోకి, వస్తుంది, ఏది మీరు కట్టాలి అని విడివిడిగా అడగండి. కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో నెల్లూరు వచ్చి పోవాలంటే ఒక రోజు కూలి పోయినట్టే, తోడు వచ్చినవాళ్ళదీ పోయినట్టే. దారి ఖర్చులు ఇస్తారా, పోయిన కూలికి ఏమైనా ఇస్తారా, వచ్చిన రోజే ఇస్తారా? ఫారంలో రాసి ఉన్నదే లెక్క, నోటి మాట కాదు. బస్సు టికెట్లు దాచుకోండి.

తర్వాత ఎన్నిసార్లు రావాలి, ఒక్కో సారి ఎంత రక్తం తీస్తారు, వరి కోతల్లో, పండగల్లో తేదీ పడితే ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరపొచ్చా అని అడగండి. ఇప్పటిదాకా ఏయే ఇబ్బందులు కనపడ్డాయి? నేను చేరకపోతే నాకున్న మిగతా వైద్యం ఏమిటి? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగాల్సిందే. దానికి జవాబు ఫారంలోనే ఉండాలి.

ఫారం చివర నామినీ పేరు, మీ వృత్తి, ఏడాది ఆదాయం రాయమంటారు. అక్కడికి రాగానే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు. "నామినీ ఎందుకు, చస్తాననా?" అని ఒకావిడ ఏడ్చేసింది. అది ప్రతి ఒక్కరినీ అడిగేదే, నిబంధనల్లోనే ఉంది. ట్రయల్ వల్ల ప్రాణం పోతే పరిహారం ఎవరికి అందాలో ముందే తెలియడానికి. అది ఉండటం మీ కుటుంబానికే మంచిది. నిజంగా ఇవ్వాల్సిన మనిషి పేరే రాయండి.

చదవడం రానివాళ్ళ దగ్గర వేలిముద్ర వేయించుకుని సరిపెట్టడం కుదరదు. ట్రయల్‌తో ఏ సంబంధమూ లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా పక్కన ఉండి, అంతా సరిగ్గా చెప్పారని సంతకం పెట్టాలి. మీ ఊరి టీచరునో, చదువుకున్న మేనల్లుడినో వెంట తెచ్చుకోండి. పూర్తిగా కొత్త మందై, చేరేవాళ్ళు బలహీన స్థితిలో ఉన్నవాళ్ళు కూడా అయితే, వివరించడమంతా వీడియో తీయాలని కూడా 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కెమెరా చూసి కంగారు పడొద్దు, అది మీ రక్షణకే.

ఇంత పట్టుదల ఎందుకంటే మన తెలుగు నేల మీదే జరిగింది ఒకటుంది. 2009లో ఖమ్మం జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకాను బడి వయసు ఆడపిల్లలకు వేశారు. హాస్టళ్ళలో ఉన్న గిరిజన పిల్లల ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ చావులు టీకా వల్ల కాదనే విచారణలో తేలింది. అయినా సంతకాల తీరును 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు, కానీ అమ్మానాన్నలకు ఒక్క మాట చెప్పకపోవడం ఎట్టా ఒప్పుకుంటాం? పిల్లల్ని చేర్చాలంటే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఏడేళ్ళు దాటిన పిల్లలకు వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు అడగాలి, పన్నెండు దాటితే అది రాతలో ఉండాలి. పిల్ల వద్దంటే వినండి.

డాక్టరుగారికి "కాదు" అని చెప్పలేక ఒప్పుకునేవాళ్ళు ఇంకొందరు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న డాక్టరు, ఫీజు తగ్గించుకున్న డాక్టరు అడిగితే ఎట్టా కాదంటాం అని. ఇట్టా చెప్పండి: "ఆలోచించుకున్నామండీ, ట్రయల్ వద్దు. మామూలు వైద్యమే మీ దగ్గర చేయించుకుంటాము." కారణం చెప్పక్కర్లేదు. దానివల్ల మీకు చేసే వైద్యం తగ్గకూడదు, తగ్గిస్తే అది ఎథిక్స్ కమిటీకి చెప్పాల్సిన సంగతి.

చేరిన తర్వాత

సంతకం పెట్టిన ఫారం కాపీ ఒకటి మీకివ్వాలి, అడిగి తీసుకోండి. ట్రయల్ పేరు, ఫోన్ నంబరు ఉన్న కార్డు ఇస్తారు. అది ఆధార్ కార్డుతో పాటు జేబులోనే ఉండాలి. అర్ధరాత్రి ఏదన్నా అయ్యి మిమ్మల్ని ఒంగోలు రిమ్స్‌కో ఇంకో ఆసుపత్రికో తీసుకెళితే, అక్కడి డ్యూటీ డాక్టరు ఆ నంబరుకు ఫోన్ చేసి మీరు ఏ మందు మీద ఉన్నారో తెలుసుకోగలడు. అవసరమైతే, మీరు ఏ జట్టులో ఉన్నారన్న దాచిన సంగతి అప్పటికప్పుడు విప్పి చెప్పే ఏర్పాటు ఉంటుంది.

వాడుతున్న ప్రతి మందూ చెప్పండి. ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్, పసరు మందు, మెడికల్ షాపులో అడిగి కొన్న నొప్పి మాత్ర, అన్నీ. కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళతో కీళ్ళు పట్టేసి రోజూ నొప్పి మాత్ర వేసుకునేవాళ్ళు ఎంతోమంది, దాన్ని వాళ్ళు మందుగానే లెక్కపెట్టరు. కిడ్నీ పరీక్ష తేడా వచ్చినప్పుడు అది బయటపడుతుంది. ఖాళీ అట్టలు, మిగిలిన మాత్రలు పారేయకుండా తిరిగి తీసుకురండి. ఒక రోజు మరిచిపోతే డైరీలో మరిచిపోయానని నిజమే రాయండి. ఎవరూ తిట్టరు. అబద్ధం రాస్తే ఆ లెక్కతో రేపు వేల మందికి మందు ఇస్తారు. అదే జబ్బున్న ఎదురింటి ఆవిడకు మాత్రం ఒక్క మాత్ర కూడా ఇవ్వొద్దు.

బిడ్డలు పుట్టే వయసు ఆడవాళ్ళు నెల తప్పితే ఆ రోజే చెప్పాలి. కొన్ని ట్రయల్స్‌లో మగవాళ్ళకూ జాగ్రత్తలుంటాయి.

ఒంట్లో ఏ తేడా వచ్చినా, ట్రయల్ వల్ల కాదేమో అని మీరే తేల్చుకోకుండా ఫోన్ చేయండి. ఆసుపత్రిలో చేరాల్సినంత ఇబ్బంది వస్తే, అది జరిగిన 24 గంటల్లోపు ప్రభుత్వ ఔషధ నియంత్రణాధికారికీ కంపెనీకీ ఎథిక్స్ కమిటీకీ తెలియజేయడం డాక్టరు బాధ్యత. ఆ ఇబ్బందికి వైద్యం ఉచితంగా చేయాలి, ట్రయల్ వల్ల కాదని తేలేదాకా ఆపకూడదు. ట్రయల్ వల్లే ప్రాణం పోయినా శాశ్వతంగా అవిటితనం వచ్చినా దానికి పరిహారం వేరే. మరణానికి లెక్క 8 లక్షల రూపాయలు మూలంగా పెట్టుకుని, వయసును బట్టి, చేరేనాటికి జబ్బు ఎంత ముదిరి ఉందన్నదాన్ని బట్టి కడతారు. డబ్బు ఇవ్వాల్సింది ట్రయల్ చేయించే కంపెనీ, ఎంతన్నది తేల్చేది అధికారులు.

మానుకోవాలనిపిస్తే ఎప్పుడైనా మానుకోవచ్చు, సంతకం పెట్టిన మర్నాడైనా సరే. కానీ చెప్పకుండా ఫోన్ ఆపేసి మాయమవ్వకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. వచ్చి చెబితే మెల్లగా తగ్గించి, చివరి రక్త పరీక్ష చేసి పంపుతారు.

జబ్బు లేనివాళ్ళను పిలిస్తే

ఇది కుర్రవాళ్ళ కోసం. హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో ఆరోగ్యవంతులకు మందిచ్చి రక్తంలో ఎంత చేరిందో కొలిచే స్టడీలు జరుగుతాయి. చట్టబద్ధమైనవే, డబ్బూ ఇస్తారు. ఊళ్ళలోకి వచ్చే బ్రోకర్లతోనే చిక్కు. ఒక స్టడీ అవగానే వేరే పేరుతో ఇంకో దాంట్లో చేరుస్తారు. రెండు మందులు ఒంట్లో కలిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు, పేరు మార్చి చేరినవాడికి రేపు పరిహారం అడిగే దారీ ఉండదు. చేరాలనుకుంటే మీ సొంత పేరుతో, నేరుగా వెళ్ళి, ఇంతకుముందు ఎప్పుడు చేశారో నిజం చెప్పి చేరండి. మధ్యలో మనిషి కమీషన్ అడిగాడంటే అక్కడే ఆగిపోండి.

ట్రయల్ ముగిశాక

మందు మీకు బాగా పనిచేసింది, ట్రయల్ ఆగిపోయింది. అప్పుడేం చేయాలి? మీ జబ్బుకు వేరే దారి లేనప్పుడు, డాక్టరు సిఫారసు చేసి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, కంపెనీ ఆ మందు ఉచితంగా కొనసాగించే ఏర్పాటు నిబంధనల్లో ఉంది. ఈ సంగతి చివర్లో కాకుండా సంతకం రోజే అడిగి పెట్టుకోండి. నేను ఏ జట్టులో ఉన్నాను, చివరికి ఏం తేలింది అని అడిగే హక్కూ మీకుంది. జవాబు రావడానికి ఏళ్ళు పట్టొచ్చు, ఫోన్ నంబరు మారితే చెప్పి ఉంచండి. ఫారం కాపీ, కార్డు, బస్సు టికెట్లు, రిపోర్టులు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. ఏళ్ళ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ ఫైలు చూపించండి.